హర్ష్ కె. గుప్తా

హర్ష్ కె. గుప్తా (పూర్తి పేరు హర్ష్ కుమార్ గుప్తా, జననం: 1942) భారతదేశానికి చెందిన ప్రముఖ భూకంప శాస్త్రవేత్త. పెద్ద జలాశయాలను నింపినప్పుడు వాటి పరిసరాలలో సంభవించే భూకంపాలపై చేసిన పరిశోధనల ద్వారా ఈయన అంతర్జాతీయ ఖ్యాతి పొందాడు. 1992 నుండి 2001 వరకు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) సంచాలకుడుగాను, ఆ తరువాత 2005 వరకు భారత ప్రభుత్వ సముద్ర అభివృద్ధి శాఖ కార్యదర్శిగాను పనిచేశాడు. శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం (1983), పద్మశ్రీ (2006) పొందాడు.

గుప్తా జన్మతః తెలుగువాడు కాకపోయినా ఈయన పరిశోధనా జీవితంలో అధిక భాగం హైదరాబాదు కేంద్రంగానే సాగింది. ఈయన అధ్యయనం చేసిన కొయినా ప్రాంతం కృష్ణా నది పరీవాహక ప్రాంతంలోనిది. అక్కడి లావా పొరల కింద ఉన్నది తెలంగాణ దక్షిణ మెట్ట ప్రాంతాలైన నారాయణపేట, మహబూబ్‌నగర్, నల్గొండలలో నేలపై కనిపించే ప్రాచీన శిలల కోవకు చెందిన రాయి. దక్కను పీఠభూమి కదలిక లేని నేల అని, ఇక్కడ పెద్ద భూకంపాలు రావని చాలాకాలం ఉన్న నమ్మకాన్ని 1967, 1993 భూకంపాలు సడలించాయి. ఆ రెండు భూకంపాల అధ్యయనంలోనూ గుప్తాకు ముఖ్యపాత్ర ఉన్నది.

విద్య, తొలి ఉద్యోగం

గుప్తా ఉత్తర ప్రదేశ్ రాష్ట్రంలో జన్మించాడు. ధన్‌బాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో అనువర్తిత భూభౌతిక శాస్త్రం చదివాడు. రూర్కీ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పట్టా పొందాడు. 1960లలో హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ.లో చేరాడు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1961లో స్థాపించిన ఈ సంస్థ అప్పటికి కొత్తది. 1970లలో కొంతకాలం అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం (డల్లాస్)లో పనిచేశాడు.

కొయినా భూకంపం

మహారాష్ట్రలోని సతారా జిల్లాలో, పశ్చిమ కనుమలలో, కృష్ణకు ఉపనది అయిన కొయినాపై జలవిద్యుత్తు కోసం 103 మీటర్ల ఎత్తైన ఆనకట్ట నిర్మించారు. దీనివల్ల ఏర్పడిన శివాజీసాగర్ జలాశయం సామర్థ్యం సుమారు 100 టి.ఎం.సి. 1960ల ప్రారంభంలో జలాశయంలో నీరు నింపడం మొదలైన కొద్దికాలానికే చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న ప్రకంపనలు రావడం ప్రారంభమయ్యాయి. అంతకుముందు ఆ ప్రాంతం భూకంపాలకు పేరొందినది కాదు.

1967 డిసెంబరు 11 తెల్లవారుజామున అక్కడ 6.3 పరిమాణం గల భూకంపం సంభవించింది. సుమారు 200 మంది మరణించారు. కొయినానగర్‌లో ఇళ్ళు కూలిపోయాయి. ఆనకట్టలో పగుళ్ళు ఏర్పడగా తరువాత దానిని బలోపేతం చేశారు. ఒక జలాశయం మూలంగా ప్రేరేపితమైన భూకంపాలలో ప్రపంచంలో నమోదైన అతిపెద్దదిగా దీనిని పరిగణిస్తారు.

ఈ భూకంపం శాస్త్రవేత్తల ముందు ఒక పెద్ద ప్రశ్న ఉంచింది. దేశంలో సాగునీటికి, విద్యుత్తుకు వరుసగా పెద్ద ఆనకట్టలు కడుతున్న కాలమది. కృష్ణా నదిపైనే నాగార్జునసాగర్ నుండి కాలువలకు 1967లోనే నీరు విడుదల చేశారు. జలాశయానికి, భూకంపానికి నిజంగా సంబంధం ఉన్నదా, లేక రెండూ యాదృచ్ఛికంగా ఒకేచోట జరిగాయా అన్నది తేలకుండా కొత్త ఆనకట్టల రక్షణ గురించి నిర్ణయించడం సాధ్యం కాదు. గుప్తా ఈ ప్రశ్ననే తన ప్రధాన పరిశోధనాంశంగా చేసుకొన్నాడు.

జలాశయ భూకంపాల లక్షణాలు

ఒక్క కొయినానే పరిశీలిస్తే సమాధానం దొరకదు కనుక గుప్తా, ఆయన సహచరులు బి.కె. రస్తోగి, హరి నారాయణ్ ప్రపంచంలోని ఇటువంటి ఇతర జలాశయాల సమాచారాన్ని పోల్చి చూశారు. అమెరికాలోని హూవర్ ఆనకట్ట వెనుకనున్న మీడ్ సరస్సు వద్ద 1930లలోనే ప్రకంపనలు గమనించారు. చైనాలోని సిన్‌ఫెంగ్‌కియాంగ్ (1962), ఆఫ్రికాలోని కరీబా (1963), గ్రీసులోని క్రెమాస్టా (1966) జలాశయాల వద్ద 6కు మించిన పరిమాణం గల భూకంపాలు వచ్చాయి. ఈ వరుసలో కొయినా నాలుగవది.

మామూలు భూకంపాలతో పోల్చినప్పుడు జలాశయ భూకంపాలకు కొన్ని ఉమ్మడి లక్షణాలు ఉన్నాయని వీరు 1972లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో చూపారు. వాటిలో ముఖ్యమైనవి:

* ప్రధాన భూకంపానికి ముందు పెద్ద సంఖ్యలో చిన్న ప్రకంపనలు వస్తాయి.
* పెద్ద ప్రకంపనల సంఖ్యతో పోలిస్తే చిన్న ప్రకంపనల సంఖ్య సాధారణ భూకంపాలలో కంటె ఎక్కువగా ఉంటుంది.
* ప్రధాన భూకంపానికి, దాని తరువాత వచ్చే వాటిలో పెద్దదానికి పరిమాణంలో వ్యత్యాసం తక్కువగా ఉంటుంది.
* ప్రధాన భూకంపం తరువాతి ప్రకంపనలు నిదానంగా తగ్గుతాయి.

నీటిమట్టం పెరిగే వేగం, జలాశయం చేరిన గరిష్ఠ మట్టం, ఆ మట్టంలో నీరు నిలిచి ఉన్న కాలం అనే మూడు అంశాలు ప్రకంపనలను ప్రభావితం చేస్తాయని గుప్తా నిర్ణయించాడు. కొయినాలో నీటిమట్టం వారానికి 12 మీటర్లు లేదా అంతకంటె ఎక్కువ వేగంతో పెరగడం 5కు మించిన భూకంపం రావడానికి అవసరమైన షరతు అని, అయితే అది ఒక్కటే చాలదని 1983లో వివరించాడు. జలాశయం నింపే వేగాన్ని నియంత్రించడం ద్వారా ప్రమాదాన్ని కొంత తగ్గించవచ్చుననే ఆలోచనకు ఇది ఆధారమయ్యింది.

జలాశయం భూకంపాన్ని ఎలా ప్రేరేపిస్తుంది

భూమి లోపలి శిలలలో భ్రంశాలు, అనగా పూర్వం విరిగి జరిగిన పగుళ్ళు, ఉంటాయి. భూఫలకాల కదలికల వల్ల ఈ భ్రంశాలపై ఒత్తిడి వేల సంవత్సరాలుగా పోగుపడుతుంది. రెండు వైపుల రాతి మధ్యనున్న ఘర్షణ ఆ ఒత్తిడిని నిలువరిస్తుంది. ఒత్తిడి ఘర్షణను మించిన క్షణంలో రాయి జారి భూకంపం వస్తుంది.

జలాశయం ఈ స్థితిని రెండు విధాలుగా మారుస్తుంది. మొదటిది, కోట్ల టన్నుల నీటి బరువు కింది శిలలపై పడుతుంది. రెండవది, నీరు పగుళ్ళ వెంట లోతుకు దిగి రాతి రంధ్రాలలోని పీడనాన్ని పెంచుతుంది. ఈ పీడనం భ్రంశపు రెండు ముఖాలను కొద్దిగా ఎడం చేసినట్లు పనిచేసి ఘర్షణను తగ్గిస్తుంది. బరువు ప్రభావం వెంటనే కనిపించగా, పీడనం లోతుకు వ్యాపించడానికి వారాలు, నెలలు పట్టవచ్చు. కొయినాలో వర్షాకాలంలో జలాశయం నిండిన తరువాతి నెలలలో ప్రకంపనలు పెరగడానికి ఇది కారణమని భావిస్తారు.

భూకంపానికి కావలసిన శక్తిని జలాశయం సమకూర్చదు. అది ముందే శిలలో పోగై ఉన్నది. విరగడానికి సిద్ధంగా ఉన్న భ్రంశానికి జలాశయం చివరి ప్రేరణ మాత్రమే ఇస్తుంది. అందువల్లనే ప్రపంచంలోని వేలాది పెద్ద ఆనకట్టలలో వందకు కొంచెం పైబడిన చోట్ల మాత్రమే ఇటువంటి ప్రకంపనలు నమోదైనాయి.

కొయినాకు దక్షిణాన ఉన్న వార్నా జలాశయంలో 1985 నుండి నీరు నింపడం మొదలైన తరువాత ప్రకంపనలు అటువైపు కూడా విస్తరించాయి. కొయినా–వార్నా ప్రాంతంలో 1967 నుండి 5 లేదా అంతకు మించిన పరిమాణం గల భూకంపాలు 20కి పైగా సంభవించాయి. ఇవన్నీ సుమారు 30 కి.మీ. పొడవు, 20 కి.మీ. వెడల్పు గల చిన్న ప్రదేశానికే పరిమితం కావడం విశేషం. ఒకే చోట, తక్కువ లోతులో, తరచుగా భూకంపాలు రావడం వలన వాటిని సమీపం నుండి పరిశీలించడానికి ఇది ప్రపంచంలోనే అనువైన ప్రదేశమని గుప్తా వాదించాడు.

భూకంపాల ముందస్తు అంచనా

ఫలానా రోజున, ఫలానా ఊరిలో భూకంపం వస్తుందని చెప్పే నమ్మకమైన పద్ధతి ఇప్పటివరకు లేదు. అయితే కొన్ని ప్రాంతాలలో మధ్యకాలిక అంచనా సాధ్యమా అన్నదానిపై గుప్తా కృషి చేశాడు. ఈశాన్య భారతంలో పెద్ద భూకంపాలకు ముందు చిన్న భూకంపాల గుంపులు, ఆ తరువాత కొంతకాలం నిశ్శబ్దం కనిపించడాన్ని ఆధారం చేసుకొని గుప్తా, హెచ్.ఎన్. సింగ్ 1986లో ఒక అంచనా ప్రచురించారు. భారత–బర్మా సరిహద్దు ప్రాంతంలో 1990 చివరిలోగా సుమారు 8 పరిమాణం గల భూకంపం రావచ్చునని (అరపాయింటు హెచ్చుతగ్గులతో) వీరు పేర్కొన్నారు. 1988 ఆగస్టు 6న ఆ ప్రాంతంలో 7.3 పరిమాణం గల భూకంపం వచ్చింది. స్థలం, కాలం సరిపోయాయి. పరిమాణం మాత్రం అంచనా వేసిన హద్దుకు కొంచెం తక్కువగా ఉన్నది.

2005 నుండి ఎన్.జి.ఆర్.ఐ. కొయినా ప్రాంతపు ప్రకంపనలను ఎప్పటికప్పుడు హైదరాబాదు నుండి పరిశీలించసాగింది. ఒక చిన్న ప్రదేశంలో ప్రకంపనలు గుమిగూడే తీరును బట్టి 4 పరిమాణం గల భూకంపాలను కొద్ది రోజుల ముందు అంచనా వేసే ప్రయత్నాలు జరిగాయి. 2006 మేలో వేసిన ఒక అంచనా ఫలించింది. ఇవి కొయినా వంటి ప్రత్యేక ప్రదేశానికి చెందిన ఫలితాలు. హిమాలయాలకు గాని, ఇతర ప్రాంతాలకు గాని వీటిని నేరుగా వర్తింపజేయడం కుదరదు.

కేరళ, అంటార్కిటికా

1982లో గుప్తా తిరువనంతపురంలోని భూవిజ్ఞాన అధ్యయన కేంద్రానికి సంచాలకుడయ్యాడు. ఆ పదవిలో ఉండగా 1983–84లో అంటార్కిటికాకు వెళ్ళిన మూడవ భారత యాత్రకు నాయకత్వం వహించాడు. ఒకే వేసవిలో ఈ బృందం మంచు ఫలకంపై దక్షిణ గంగోత్రి అనే భారతదేశపు తొలి స్థావరాన్ని నిర్మించింది. భారతీయులు అంటార్కిటికాలో మొదటిసారిగా శీతకాలం గడిపినది 1984లో ఈ స్థావరంలోనే. దక్షిణ గంగోత్రి తరువాతి కాలంలో మంచులో కూరుకుపోగా, దాని స్థానంలో మైత్రి స్థావరం ఏర్పడింది.

గుప్తా 1987 నుండి 1990 వరకు కొచ్చిన్ శాస్త్ర, సాంకేతిక విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడుగా పనిచేశాడు. 1992లో సంచాలకుడుగా హైదరాబాదుకు తిరిగి వచ్చాడు.

కిల్లారి భూకంపం

గుప్తా సంచాలకుడైన మరుసటి సంవత్సరం, 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి వద్ద 6.2 పరిమాణం గల భూకంపం వచ్చింది. దాదాపు పదివేల మంది మరణించారు. హైదరాబాదులోనూ ప్రకంపనలు తెలిశాయి. అప్పటి భూకంప మండలాల పటంలో కిల్లారి అతి తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలో ఉండేది.

ప్రాణనష్టం ఇంత ఎక్కువగా ఉండటానికి భూకంప పరిమాణం ఒక్కటే కారణం కాదు. అక్కడి ఇళ్ళు చాలావరకు మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిపై దూలాలు, మందమైన మట్టి కప్పు గలవి. ఎండకు చల్లగా ఉండే ఈ నిర్మాణం అడ్డంగా ఊగినప్పుడు నిలవలేదు. జనం నిద్రలో ఉన్న సమయం కావడంతో కప్పులు మీదపడి ఎందరో చనిపోయారు.

ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు కిల్లారి వద్ద 617 మీటర్ల లోతు బోరు తవ్వారు. లావా పొరల మందం 338 మీటర్లు ఉన్నదని, దాని కింద ప్రాచీన నైస్ శిల ఉన్నదని తేలింది. పైనున్న నల్లరేగడి నేల, లావా పొరలు లోపలి భ్రంశాలను కప్పివేస్తాయి కాబట్టి, నేలను చూచి ప్రమాదం లేదని చెప్పలేమని ఈ అధ్యయనం స్పష్టం చేసింది. కిల్లారి తరువాత దేశంలో, ముఖ్యంగా దక్షిణ పీఠభూమిలో, భూకంప పరిశీలన కేంద్రాల విస్తరణ, ఆధునికీకరణ జరిగింది. గుప్తా పదవీకాలంలోనే జబల్‌పూర్ (1997 మే 22), భుజ్ (2001 జనవరి 26) భూకంపాలు కూడా సంభవించాయి.

సునామీ హెచ్చరిక వ్యవస్థ

2001లో గుప్తా సముద్ర అభివృద్ధి శాఖ కార్యదర్శి అయ్యాడు. ఆయన ఆ పదవిలో ఉండగా 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద 9.1 పరిమాణం గల భూకంపం వలన సునామీ వచ్చింది. హిందూ మహాసముద్ర తీర దేశాలలో రెండు లక్షలకు పైగా మరణించారు. ఆంధ్ర ప్రదేశ్ తీరంలో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. భూకంపానికి, భారత ప్రధాన భూభాగపు తూర్పు తీరానికి అలలు చేరడానికి మధ్య సుమారు రెండు గంటలకు పైగా వ్యవధి ఉన్నా, హెచ్చరించే వ్యవస్థ లేకపోవడంతో ఆ సమయం వృథా అయ్యింది.

దీని తరువాత భారత సునామీ హెచ్చరిక వ్యవస్థ రూపకల్పనలో గుప్తా ప్రముఖ పాత్ర వహించాడు. సముద్రగర్భంలో పీడన మాపకాలు, తీరంలో అల మట్టపు మాపకాలు, భూకంప కేంద్రాల అనుసంధానం దీనిలో భాగాలు. ఈ కేంద్రం హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్)లో 2007 అక్టోబరు 15న ప్రారంభమైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద 8.6 పరిమాణం గల భూకంపం వచ్చినప్పుడు ఈ కేంద్రం హెచ్చరికలను వెలువరించింది. ఆ భూకంపం వలన భారత తీరానికి పెద్ద అలలు రాలేదు.

కొయినాలో లోతైన బోరుబావులు

భూకంపం పుట్టే చోటనే పరికరాలు ఉంచి పరిశీలించాలన్నది గుప్తా చిరకాల ప్రతిపాదన. 2011 నుండి దీనికి సన్నాహాలు జరిగాయి. కొయినా–వార్నా ప్రాంతంలో మొదట సుమారు ఒకటిన్నర కిలోమీటరు లోతు వరకు పలు బోర్లు తవ్వారు. లావా పొరల మందం ఒక చోట దాదాపు 400 మీటర్లు, మరొక చోట 1,200 మీటర్లకు పైగా ఉన్నట్లు గుర్తించారు. లావా కింద నేరుగా గ్రానైట్–నైస్ శిల తగిలింది. కొన్ని బోర్ల అడుగున భూకంప మాపకాలు అమర్చారు. గోఠణే వద్ద 2016 డిసెంబరులో మొదలైన ప్రయోగాత్మక బోరు 2017 జూన్‌లో 3,014 మీటర్ల లోతుకు చేరింది.

నారాయణపేట ప్రాంతానికి సంబంధం

నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరి 17న మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడివడి ఏర్పడింది. కృష్ణా నది తెలంగాణలో ప్రవేశించేది ఈ జిల్లాలోని తంగిడి వద్ద. భీమా నది కృష్ణలో కలిసేది కూడా ఆ సమీపంలోనే. దిగువన జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు ఉన్నాయి.

ఇక్కడి గుట్టలు, గుండ్లు, మెట్టభూములు ధార్వార్ శిలా ఖండంలోని గ్రానైట్, నైస్ శిలల నుండి ఏర్పడినవి. ఈ శిలల వయస్సు 250 కోట్ల సంవత్సరాలు, అంతకు పైన. సుమారు 110 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భం నుండి చొచ్చుకువచ్చిన కింబర్లైట్ శిలలు నారాయణపేట, మద్దూరు, కోటకొండ పరిసరాలలో ఉన్నాయి. భూవిజ్ఞాన గ్రంథాలలో ఈ ప్రాంతం నారాయణపేట కింబర్లైట్ క్షేత్రంగా ప్రసిద్ధం. ఇక్కడ నేలపై చేతికి తగిలే ప్రాచీన శిలల వంటివే కిల్లారి, కొయినాలలో సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితపు లావా కింద దాగి ఉన్నాయి. సరళరేఖలో నారాయణపేటకు కిల్లారి సుమారు 175 కి.మీ., కొయినా సుమారు 400 కి.మీ. దూరంలో ఉన్నాయి.

2002 నాటి భారత ప్రమాణాల పటంలో ఈ ప్రాంతం తక్కువ ప్రమాదం గల రెండవ మండలంలో చేర్చబడింది. తెలంగాణలో పెద్ద భూకంపాలు ఎక్కువగా గోదావరి లోయలో వచ్చాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో (5.3 పరిమాణం) వచ్చినవి వీటిలో ముఖ్యమైనవి. 2024 డిసెంబరు 7న మహబూబ్‌నగర్ జిల్లాలో 3.0 పరిమాణం గల స్వల్ప ప్రకంపన నమోదయ్యింది. ఒక చిన్న ప్రకంపనను బట్టి జలాశయమే కారణమని నిర్ణయించలేము. గుప్తా సూచించిన పద్ధతిలో, నీటిమట్టాల నమోదును, ప్రకంపనల నమోదును ఏళ్ళ తరబడి పక్కపక్కన ఉంచి పోల్చినప్పుడే అది తేలుతుంది.

నారాయణపేట, మక్తల్ పరిసరాల పాత ఊళ్ళలో రాతిగోడల మట్టి మిద్దెలు నేటికీ కనిపిస్తాయి. ఇటువంటి ఇళ్ళలో గోడ మందం పొడవునా పట్టే రాళ్ళు అక్కడక్కడ వేయడం, గోడల చుట్టూ ఒక పట్టీ కట్టడం, మిద్దెపై ఏటేటా పోసిన మట్టి బరువు తగ్గించడం కిల్లారి అనుభవం నుండి నిపుణులు సూచించిన జాగ్రత్తలు. ఇవి ఎక్కువ ఖర్చుతో కూడినవి కావు.

పదవులు, పురస్కారాలు

* శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1983
* పద్మశ్రీ, 2006
* అమెరికా భూభౌతిక సంఘం వారి వాల్డో ఇ. స్మిత్ పతకం, 2008
* అంతర్జాతీయ భూగణిత, భూభౌతిక శాస్త్రాల సమాఖ్య అధ్యక్షుడు, 2011–2015
* జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సభ్యుడు
* భారత భూవిజ్ఞాన సంఘం అధ్యక్షుడు

రచనలు

గుప్తా, బి.కె. రస్తోగి కలిసి వ్రాసిన "డామ్స్ అండ్ ఎర్త్‌క్వేక్స్" (1976) ఆనకట్టలకు, భూకంపాలకు గల సంబంధంపై వెలువడిన తొలి సమగ్ర గ్రంథాలలో ఒకటి. తరువాత "రిజర్వాయర్ ఇండ్యూస్డ్ ఎర్త్‌క్వేక్స్" (1992) ప్రచురించాడు. సుకాంత రాయ్‌తో కలిసి భూతాప శక్తిపై ఒక గ్రంథం (2006) వ్రాశాడు. 2011లో వెలువడిన ఘన భూమి భూభౌతిక శాస్త్ర విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుడుగా వ్యవహరించాడు.